కుళ్లిపోని అప్పు

ఈ కథ వినని ఇల్లు బహుశా ఉండదు. ఎవరో పరిశోధకుడు ఆఫ్రికాలో ఒక ఊరికి వెళ్తాడు. చెట్టు కింద పళ్లబుట్ట పెట్టి, 'ముందు పరుగెత్తుకెళ్లి ముట్టుకున్నవాళ్లదే ఈ బుట్ట' అంటాడు పిల్లలతో. ఆ పిల్లలేమో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కలిసి పరుగెడతారు, కలిసి కూర్చుని తింటారు. ఎందుకలా చేశారని అడిగితే 'ఉబుంటు' అంటారు. వ్యక్తిత్వ వికాసం పుస్తకాల్లో ఉంటుందీ కథ. స్కూలు వార్షికోత్సవాల ఉపన్యాసాల్లో ఉంటుంది. పొద్దున్నే సెల్‌ఫోన్లో వచ్చిపడే శుభోదయాల్లోనూ ఉంటుంది. ఊరి పేరు మాత్రం ఎందులోనూ ఉండదు. పరిశోధకుడి పేరూ ఉండదు!

కంప్యూటర్ల మీద పనిచేసేవాళ్లకు ఉబుంటు అంటే ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్. దక్షిణాఫ్రికాలో పుట్టిన మార్క్ షటిల్‌వర్త్ 2004లో దాన్ని విడుదల చేస్తూ తన దేశపు మాటనే పేరుగా పెట్టుకున్నాడు. ఇప్పుడా పేరు తగిలించుకోని వస్తువు లేదు.

పళ్లబుట్ట కథ తియ్యగానే ఉంటుంది. కానీ పళ్లు పంచుకోవడానికి ఏమంత తత్వం కావాలి? ఉబుంటుకి అసలు పరీక్ష చెట్టు కింద జరగలేదు. కొడుకుని చంపినవాడు ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉండగా, ఆ తల్లి చేతిలో మైకు ఉండగా జరిగింది. ఆ పరీక్ష ఇప్పటికీ పూర్తికాలేదు.

మనుషుల వల్లే మనిషి

జులూ భాషలో 'ఉముంటు' అంటే మనిషి. 'అబంటు' అంటే మనుషులు. 'ఉబుంటు' అంటే మనిషితనం. తెలుగులో మాట చివర 'తనం' చేర్చినట్టు వాళ్లు మాట మొదట్లో 'ఉబు' చేరుస్తారు, అంతే తేడా. సోతో, త్స్వానా భాషల్లో దీన్నే 'బోతో' అంటారు. జింబాబ్వేలోని షోనాలో 'హున్హు'. ఆఫ్రికా ఖండం దక్షిణ సగమంతా ఈ మాటకి చుట్టరికం ఉంది.

'ఉముంటు న్గుముంటు న్గబంటు' అని జులూ సామెత. మనిషి మనుషుల వల్లే మనిషి అవుతాడని అర్థం. పుట్టగానే మనిషైపోడు. ఎదుటివాళ్లతో మసలుకునే తీరులో మనిషవుతాడు. తీరు చెడితే ఆ హోదా పోతుంది కూడా. 'వాడసలు మనిషేనా!' అని మనం తిడతాం చూశారా, అక్కడా అదే పెద్ద తిట్టు. 'అతనికి ఉబుంటు ఉంది' అన్నది అంతకంతా పెద్ద మెప్పు.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది. మనిషితనం ఇద్దరి మధ్య ఉండేదైతే, ఒకడు ఇంకొకణ్ణి పశువులా చూసినప్పుడు చూసినవాడి మనిషితనమూ పోతుంది. కొట్టినవాడూ దెబ్బతిన్నట్టే. అలాగని ఇద్దరి దెబ్బా సమానమని కాదు. వాణ్ణి మళ్లీ మనిషిని చెయ్యకుండా ఊరు బాగుపడదని.

వర్ణవివక్ష ప్రభుత్వం చేసిన పని చూడండి. ఇదే మాటలోంచి 'బంటు' అన్న ముక్కను విరుచుకుని నల్లవాళ్లందరికీ ముద్ర వేసింది. 1953లో 'బంటు విద్యా చట్టం' అనే పేరుతోనే నల్లపిల్లలకు తక్కువరకం చదువు ఖాయం చేసింది. 'మనుషులు' అని అర్థం వచ్చే మాటతో మనుషుల్ని కించపరచడం చరిత్రలో ఇంకెక్కడైనా జరిగిందో లేదో!

మూడు మాటల్లో ఒకటి

1993లో చర్చలు ముగిసి తాత్కాలిక రాజ్యాంగం రాసుకున్నప్పుడు దాని చివర ఒక పేజీ చేర్చారు. అందులో మూడు జంటలున్నాయి. ఒకర్నొకరు అర్థం చేసుకోవడం కావాలి, పగ వద్దు. నష్టానికి పరిహారం కావాలి, ప్రతీకారం వద్దు. ఉబుంటు కావాలి, వేధింపు వద్దు. ఇదీ సారాంశం. జులూ పల్లెల మాట అలా రాజ్యాంగంలోకి ఎక్కింది. 1996 నాటి శాశ్వత రాజ్యాంగంలో మాత్రం ఆ మాట కనపడదు.

కాగితం మీద పోయినా కోర్టులో నిలిచింది. 1995 జూన్‌లో కొత్తగా ఏర్పడిన రాజ్యాంగ న్యాయస్థానం మరణశిక్షను రద్దు చేసింది. కోర్టు ముందున్నవాళ్లు అమాయకులేం కాదు. దోపిడీలో నలుగుర్ని చంపారని శిక్షపడ్డవాళ్లు. ఉరి ఉండాలనే జనాభిప్రాయం కూడా బలంగానే ఉంది. అయినా న్యాయమూర్తులు ఒప్పుకోలేదు. ఆ కోర్టులో తొలి నల్లజాతి మహిళా న్యాయమూర్తి ఇవాన్ మొకోరో, మరికొందరు తమ తీర్పుల్లో ఉబుంటు పేరెత్తి మరీ రాశారు. హంతకుడిదైనా మనిషి ప్రాణమేనన్నది వాళ్ల లెక్క.

మరి పాలకుల పేరుతో చంపినవాళ్ల సంగతి? పోలీసులు, సైన్యం ఇంకా పాత తెల్లవాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. అందర్నీ బోనెక్కిస్తామంటే ఎన్నికలే జరిగేవి కావు. అందుకని మధ్యేమార్గంగా 1995లో సత్య సయోధ్య కమిషన్ చట్టం చేశారు. నోబెల్ శాంతి బహుమతి అందుకున్న ఆర్చిబిషప్ డెస్మండ్ టుటు దానికి అధ్యక్షుడు. మొత్తం 17 మంది సభ్యులు. 1960 మార్చి నుంచి 1994 మే దాకా రాజకీయ కారణాలతో జరిగిన ఘోరాలన్నీ దాని పరిధిలోకి వచ్చాయి. వర్ణవివక్షను ఎదిరించినవాళ్లు చేసినవీ వదల్లేదు. బాధితులు వచ్చి చెప్పుకోవచ్చు. చేసినవాళ్లు పూర్తి నిజం చెబితే, అది రాజకీయ కారణంతో చేసిందేనని తేలితే క్షమాభిక్ష దొరుకుతుంది. జైలుండదు. పరిహారం కోసం వాళ్ల మీద దావా వెయ్యడానికీ వీల్లేదు.

ఇక్కడ ఒక చిన్న విషయం చాలామంది గమనించరు. క్షమాభిక్ష కావాలంటే పశ్చాత్తాపం అక్కర్లేదు! 'తప్పు చేశాను' అన్న ఒక్కమాట కూడా చట్టం అడగలేదు. ఏం జరిగిందో చెబితే చాలు. ఊళ్లో పెద్దల ముందు జరిగే పాత పంచాయితీలో అయితే తప్పు ఒప్పుకోవడమే మొదటి మెట్టు. ఉబుంటు పేరు తీసుకున్నారు గానీ మెట్లన్నీ తీసుకోలేదన్నమాట.

ఎవర్ని క్షమించాలి?

1996 ఏప్రిల్ 15న ఈస్ట్ లండన్ పట్టణంలో మొదటి విచారణ మొదలైంది. ఇంగ్లండు లండన్ కాదు, దక్షిణాఫ్రికా తూర్పు తీరంలో ఉన్న ఊరు. టీవీలో, రేడియోలో దేశమంతా విన్నది. ఆ రోజుల్లోనే ఒకసారి టుటు బల్ల మీద తల వాల్చి ఏడ్చేశాడు. పెద్దరికంగా కూర్చోవలసినవాడు అలా ఏడవడం కొందరికి నచ్చలేదు. నచ్చకపోతే పోనీ.

అక్కడికి వచ్చినవాళ్లలో క్రాడాక్ పట్టణం వాళ్లున్నారు. మాథ్యూ గోనివే, ఫోర్ట్ కలాటా, స్పారో మ్కొంటో, సిసెలో మ్లౌలి అనే నలుగురి కుటుంబాలు. గోనివే బడిపంతులు. సహచరులతో కలిసి అద్దెల పెంపు మీద, నల్లవాళ్ల బడుల దుస్థితి మీద జనాన్ని కూడగట్టాడు. 1985 జూన్ 27 రాత్రి పోర్ట్ ఎలిజబెత్‌లో సమావేశం ముగించుకుని కారులో ఇంటికి బయల్దేరారు నలుగురూ. దారిలో పోలీసులు ఆపారు. తర్వాత దొరికినవి పొడిచి, కాల్చేసిన శవాలు. 'గుర్తు తెలియని వ్యక్తులు' చంపారని మొదటి మరణ విచారణ తేల్చింది. ఈ మాటకి అర్థం పోలీసు కేసులు చదివే ఎవరికైనా తెలుసు. గోనివేని, మరికొందర్ని 'సమాజం నుంచి శాశ్వతంగా తొలగించాలి' అని సైన్యం పంపిన సందేశం 1992లో పత్రికకెక్కింది. దాంతో రెండో విచారణ జరిగింది. భద్రతా దళాలే చంపాయని 1994లో అది తేల్చింది. ఎవరెవరు? పేర్లు లేవు.

ఈస్ట్ లండన్ సభలో మ్లౌలి కూతురు మాట్లాడింది. తండ్రి పోయినప్పుడు చిన్నపిల్ల. క్షమించాలనే ఉంది మాకు, కానీ ఎవర్ని క్షమించాలో తెలియడం లేదు అన్నది ఆ అమ్మాయి. హాలంతా నిశ్శబ్దమైపోయిందని టుటు తర్వాత ఎన్నో చోట్ల గుర్తుచేసుకున్నాడు. ఉబుంటు గురించి వచ్చిన లావుపాటి పుస్తకాలన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక్కటీ ఒక ఎత్తు. క్షమించడానికి సిద్ధంగా ఉన్నవాళ్ల ముందుకు క్షమాపణ అడిగేవాడు రావాలి కదా!

కొందరు వచ్చారు. వచ్చినవాళ్లందరూ ఒకేలా లేరు.

1997 జులైలో కేప్‌టౌన్‌లో జెఫ్రీ బెంజియన్ అనే పోలీసు అధికారి క్షమాభిక్ష కోసం వచ్చాడు. తడిపిన సంచి తలకు తొడిగి ఊపిరాడకుండా చెయ్యడం అతని పద్ధతి. అలా బాధపడినవాళ్లలో టోనీ యెంగెనీ అప్పటికి పార్లమెంటు సభ్యుడయ్యాడు. 'ఎలా చేశావో చేసి చూపించు' అన్నాడు. బెంజియన్ అందరి ముందూ ఒక మనిషిని నేల మీద బోర్లా పడుకోబెట్టి సంచి పట్టుకుని చేసి చూపించాడు. తర్వాత యెంగెనీ వైపు తిరిగి, అరగంట కూడా కాకుండానే నువ్వు నీ సహచరి ఆచూకీ చెప్పేశావు, గుర్తుందా అని అడిగాడు. చూశారా! నిజమే చెప్పాడు. చట్టం అడిగింది అదే. కానీ ఆ నిజంతోనే పాతగాయం మీద మళ్లీ కొట్టాడు. 1999లో అతనికి క్షమాభిక్ష దొరికింది.

దీనికి పూర్తిగా వేరే కథ గుగులేతుది. కేప్‌టౌన్ పక్కనున్న ఆ బస్తీలో 1986 మార్చి 3న పోలీసులు ఏడుగురు యువకుల్ని కాల్చి చంపారు. ఆ దాడిలో పాల్గొన్న ఒక నల్లజాతి పోలీసు తర్వాత ఆ తల్లుల ముందు కూర్చుని క్షమించమని అడిగాడు. తల్లులు ఊరికే తల ఊపలేదు. నిలదీశారు, తిట్టారు. నీ సొంత మనుషుల్నే అమ్ముకున్నావు కదా అన్నారు. చనిపోయిన క్రిస్టఫర్ పీట్ తల్లి సయోధ్య గురించి కమిషన్‌కి చెప్పిన మాటల సారాంశం ఇది: సయోధ్య అంటే నా కొడుకుని చంపినవాడు మళ్లీ మనిషి కావడమైతే, అలా మేమందరం మా మనిషితనాన్ని తిరిగి తెచ్చుకోవడమైతే, దానికి నేను ఒప్పుకుంటాను. ఆ తల్లి తత్వశాస్త్రం చదవలేదు. 'ఐతే' అనే షరతు మాత్రం మరిచిపోలేదు.

ఆ షరతునే ప్రభుత్వాలు మరిచిపోయాయి.

ఇచ్చినదెంత, ఇవ్వనిదెంత

కమిషన్ ముందు సుమారు 21 వేల మంది బాధితులు వాంగ్మూలాలిచ్చారు. క్షమాభిక్షకు వచ్చిన దరఖాస్తులు 7,112. మంజూరైనవి 849. అంటే అడిగినవాళ్లందర్నీ ఎడాపెడా వదిలేశారన్నది నిజం కాదు. చాలావాటిలో రాజకీయమే లేదు, మామూలు నేరాలు. పెద్దతలకాయల్లో చాలామంది అసలు గడపే తొక్కలేదు. మాజీ అధ్యక్షుడు పి.డబ్ల్యు. బోతా సమన్లు పంపినా రాలేదు.

పద్ధతి ప్రకారమైతే క్షమాభిక్ష దొరకనివాళ్ల మీద, అసలు అడగనివాళ్ల మీద కేసులు నడవాలి. ఆ బెదిరింపు ఉంటేనే కదా నిజం బయటికొచ్చేది! కమిషన్ సుమారు 300 కేసుల్ని ప్రాసిక్యూషన్ విభాగానికి అప్పగించింది. వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని మాత్రమే కోర్టు దాకా వెళ్లాయి. ఇక పరిహారం. ఒక్కో బాధితుడికి ఆరేళ్లపాటు ఏటా 17 వేల నుంచి 23 వేల ర్యాండ్లు ఇవ్వమని సిఫార్సు చేసింది. 2003లో ప్రభుత్వం ఇచ్చింది ఒక్కసారికి 30 వేల ర్యాండ్లు. అప్పటి లెక్కన మన రూపాయల్లో రెండు లక్షల లోపే. చంపినవాడికి క్షమాభిక్ష ఆ సంతకంతోనే అమల్లోకి వచ్చేది. చచ్చినవాడి ఇంటికి డబ్బు ఏళ్లకేళ్లకు వచ్చింది, అదీ తరుగుపోయి. బాధితుల కోసం పెట్టిన అధ్యక్ష నిధిలో ఈనాటికీ వంద కోట్ల ర్యాండ్లకు పైగా ఖర్చు కాకుండా మూలుగుతోంది. ఆ డబ్బు అడుగుతూ 2023 చివరి నుంచి నెలల తరబడి ముసలివాళ్లు జొహాన్నెస్‌బర్గ్‌లో రాజ్యాంగ న్యాయస్థానం బయట దుప్పట్లు పరుచుకుని పడుకున్నారు. ఉరి రద్దుచేస్తూ ఉబుంటు పేరెత్తిన కోర్టే అది.

ఇది జరుగుతుందని ముందే పసిగట్టినవాళ్లున్నారు. వర్ణవివక్ష పోలీసుల చేతిలో చనిపోయిన స్టీవ్ బీకో కుటుంబం, మరికొందరు కలిసి 1996లోనే క్షమాభిక్ష చట్టం చెల్లదని కోర్టుకెళ్లారు. ఓడిపోయారు.

మొగోబే రమోసే అనే దక్షిణాఫ్రికా తత్వవేత్త ఉబుంటు మీద 1999లో ఒక పుస్తకం రాశాడు. ఆయన మాటలు వినడానికి పళ్లబుట్ట కథలా తియ్యగా ఉండవు. చెదిరిన తూకం మళ్లీ సరయ్యేదాకా బాకీ బాకీయే, తరాలు మారినా చెల్లిపోదు, ఇదీ ఆఫ్రికా న్యాయం అంటాడు. త్స్వానా భాషలో సామెతే ఉంది: 'మొలాతో హా ఓ బోలే'. అప్పు కుళ్లిపోదు అని. 'మొలాతో' అంటే అప్పూ అవుతుంది, నేరమూ అవుతుంది. పాశ్చాత్య చట్టాల్లో కాలదోషం పడుతుంది. ఇన్నేళ్లు దాటితే దావా చెల్లదు. ఈ సామెతలో కాలదోషం లేదు. ఉబుంటుని ఒట్టి మెత్తదనం అనుకునేవాళ్లు ఈ సంగతి చూడరు.

చేదువేరు కషాయం

క్షమకీ పరిహారానికీ ముడి ఎంత గట్టిగా ఉంటుందో చూడాలంటే దక్షిణాఫ్రికా దాటి ఉత్తర ఉగాండా దాకా వెళ్లాలి. అక్కడి అచోలీ తెగవాళ్లది బంటు భాష కాదు, ఉబుంటు అన్న మాట వాళ్లకి లేదు. మనిషి పోతే రెండు వంశాల మధ్య తెగిన తీగ మళ్లీ ఎలా కలపాలన్న ఆలోచన మాత్రం ఉంది. ఆ తంతు పేరు 'మాటో ఓపుట్'. ఓపుట్ ఒక చెట్టు. దాని వేరు మహా చేదు. ఆ వేరు దంచి కలిపిన పానీయాన్ని చంపినవాళ్ల తరఫునా, చచ్చినవాళ్ల తరఫునా మోకాళ్ల మీద వంగి ఒకే సొరబుర్రలోంచి తాగుతారు. పగలోని చేదు ఇద్దరూ కలిసి మింగినట్టు.

ఫొటోల్లో కనిపించేది ఆ తాగడమే. అది ఆఖరి అంకం. అంతకుముందు నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. పెద్దలు రెండు వైపులా తిరుగుతారు. చంపినవాడు జరిగింది జరిగినట్టు ఒప్పుకోవాలి. పరిహారం తేలాలి. దాన్ని చంపినవాడొక్కడే కాదు, అతని వంశమంతా పశువులో డబ్బో పోగుచేసి కట్టాలి. నీ ఇంటివాడు చేసిన హత్యకి నీ ఆవు పోతుందన్నమాట! అప్పుడు పిల్లల్ని అదుపులో పెట్టుకోవడం ప్రతి ఇంటి పనీ అవుతుంది.

లార్డ్స్ రెసిస్టెన్స్ ఆర్మీ తిరుగుబాటుతో ఆ ప్రాంతం రెండు దశాబ్దాలు నలిగిపోయాక, 2007లో జూబాలో కుదిరిన ఒప్పందంలో మాటో ఓపుట్‌ని పేరుపెట్టి చేర్చారు. అక్కడ చిక్కొచ్చింది. పసితనంలో ఎత్తుకుపోయి తుపాకీ చేతికిచ్చిన పిల్లలు తాము ఎవర్ని చంపారో వాళ్లకే తెలియదు. ఏ వంశంతో కలిసి తాగాలి? ఈస్ట్ లండన్‌లో ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకి ఇది అద్దంలో బొమ్మ. అక్కడ క్షమించాల్సినవాడు దొరకలేదు, ఇక్కడ క్షమించేవాళ్లు దొరకలేదు.

పాతదంతా బంగారమని చెప్పడానికీ లేదు. బోట్స్వానాలో పెద్దలు కూర్చునే 'కోట్లా' సభ సర్దుబాటు న్యాయానికి గొప్ప పేరున్నదే. పూర్వం అందులో ఆడవాళ్లకు మాట్లాడే హక్కు లేదు. మనుషుల వల్లే మనిషి అన్న సామెత చెప్పుకుంటూనే సగం మనుషుల్ని బయట నిలబెట్టారు. గుగులేతు తల్లులకు మైకు ఇచ్చిన టుటు కమిషన్ ఆ విషయంలో పాత పద్ధతి కన్నా ఒక మెట్టు పైనే ఉంది.

మూడో విచారణ

కుళ్లిపోని అప్పులు ఈమధ్య ఒక్కొక్కటీ పైకి తేలుతున్నాయి. గుజరాత్ నుంచి వలస వెళ్లిన కుటుంబంలోని కుర్రాడు అహ్మద్ తిమోల్ 1971లో జొహాన్నెస్‌బర్గ్ పోలీసు భవనం పదో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. దూకేశాడన్నారు పోలీసులు. అవునంది 1972 నాటి విచారణ. కుటుంబం వదల్లేదు. 2017లో తిరగదోడితే, దూకలేదు తోసేశారని న్యాయమూర్తి తేల్చాడు. 46 ఏళ్లు పట్టింది. ఒక మాజీ పోలీసు మీద 2018లో హత్యకేసు పెట్టారు. విచారణ మొదలుకాకుండానే 2021లో అతను చనిపోయాడు. బీకో మరణం మీద 2025 సెప్టెంబరులో మళ్లీ విచారణ తెరిచారు. కమిషన్ అప్పగించిన కేసుల్ని కావాలనే తొక్కిపెట్టారా అన్నది తేల్చడానికి అధ్యక్షుడు రామఫోసా 2025 మే నెలలో విశ్రాంత న్యాయమూర్తి సిసి ఖంపెపే నాయకత్వంలో మరో కమిషన్ వేశారు. వెయ్యమని కోర్టుకెళ్లినవాళ్లలో ఫోర్ట్ కలాటా కొడుకు ఉన్నాడు.

క్రాడాక్ నలుగురి సంగతి? ఆ హత్యకి క్షమాభిక్ష అడిగిన పోలీసుల్లో ఆరుగురి దరఖాస్తుల్ని, పూర్తి నిజం చెప్పలేదంటూ 1999లోనే తిరస్కరించారు. అంటే ఆ ఆరుగురి పేర్లు అప్పటికే కాగితం మీద ఉన్నాయి. వాళ్లంతట వాళ్లే వచ్చి రాసిచ్చిన పేర్లు. పాతికేళ్లు ఎవరూ వాళ్లని కోర్టుకి పిలవలేదు. ఒకరి తర్వాత ఒకరు వయసు మీదపడి పోయారు. గోనివే భార్య న్యామెకా కూడా 2020లో కన్నుమూసింది.

2025 జూన్ 2న, పూర్వం పోర్ట్ ఎలిజబెత్ అని పిలిచిన ఖెబెర్హా నగరం హైకోర్టులో మూడో మరణ విచారణ మొదలైంది. ఆ ఆరుగురిలో ఒక్కరూ బతికి లేరు. శిక్ష వెయ్యడానికి మనిషి లేడు. అయినా కుటుంబాలవాళ్లు వచ్చి ముందు బెంచీల్లో కూర్చున్నారు. హత్య జరిగి నలభై ఏళ్లు నిండటానికి ఇంకా ఇరవై అయిదు రోజులుంది.